శాన్ డియేగోలో యెల్లోటెయిల్ పడాలంటే నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి?

శాన్ డియేగో తీరంలోని లా హోయా దగ్గర నీళ్లు 61 డిగ్రీల ఫ్యారన్‌హీటే ఉన్నాయి, శనివారం చేపలవేట బోటు ఎక్కితే యెల్లోటెయిల్ చేప పడుతుందా అని ఒకరు అడిగారు. పడొచ్చు. కానీ ఆ ఒక్క అంకె చూసి టికెట్ కొనకండి, వారం రోజులుగా అది ఎటు నడుస్తోందో చూడండి.

నేను చూసినంతలో 58 నుంచి 61కి ఎక్కుతున్న నీళ్లు వేరు, 67 నుంచి 61కి పడిపోయిన నీళ్లు వేరు. ఎక్కుతున్నప్పుడు చేప మేతకు తిరుగుతుంది. ఒక్కసారిగా పడిపోయినప్పుడు సోనార్‌లో (నీటి కింద చేపల్ని చూపించే పరికరంలో) గుంపు కనబడుతూనే ఉంటుంది, బతికున్న సార్డీన్‌ని దాని మూతి ముందు వదిలినా కదలదు. వసంతంలో వాయవ్య గాలి రెండు మూడు రోజులు గట్టిగా వీస్తే పైనీళ్లు తీరానికి దూరంగా వెళ్లిపోయి అడుగునున్న చన్నీళ్లు పైకొస్తాయి. అలాంటి గాలి తర్వాత నేనైతే నాలుగు రోజులు ఆగుతాను.

పైగా మీరు చూసిన అంకె పైనీళ్లది. చలికాలం చివర పెద్ద చేపలు చాలాసార్లు అడుగునే ఉంటాయి. అప్పుడు బరువైన జిగ్‌ని (లోహపు ఎరని) నేల తగిలేదాకా వదిలి, ఆపకుండా వేగంగా చుట్టాలి. ఇక్కడివాళ్లు దీన్నే యో-యో అంటారు. పైకొచ్చిన జిగ్‌ని వెంటనే చేత్తో పట్టుకుని చూడండి. మంచుముక్కలా తగిలిందంటే కింద నీళ్లు బాగా చల్లగా ఉన్నట్టే, అక్కడ చేతులు నొప్పెట్టేలా చుట్టడం దండగ. కాస్త పైన, చన్నీళ్లు వెచ్చనీళ్లుగా మారే లోతులో ప్రయత్నించండి.

వేసవిలో 66 దాటాక లెక్క మారుతుంది. నడిసముద్రంలో తేలే కెల్ప్ (సముద్రపు నాచు) తెట్టల కింద కూడా ఈ చేపలు చేరతాయి. 2014, 2015లో ఈ తీరమంతా మామూలు కన్నా వేడెక్కినప్పుడు యెల్లోటెయిల్‌కి కొదవే లేదు. (మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి: ఇది మన పార చేపల కుటుంబమే, పులుసుకి బాగుంటుంది.)

లా హోయాలోని స్క్రిప్స్ పియర్ (సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గర 1916 నుంచి నీటి ఉష్ణోగ్రత కొలుస్తున్నారు, ఇప్పుడు ఆ వివరాలు నెట్‌లో దొరుకుతాయి. కొరొనాడో దీవులకు వెళ్లే బోటైతే అది మెక్సికో జలాల్లోకి వెళ్తుంది, పాస్‌పోర్ట్ మర్చిపోకండి, అక్కడి పర్మిట్ల సంగతి బోటువాళ్లని ముందే అడగండి. టికెట్ మాత్రం గురువారం రాత్రి ఆ ఉష్ణోగ్రతల గ్రాఫ్ చూశాకే కొనండి.