మొదటి నోబెల్ శాంతి బహుమతిలో సగం రెడ్‌క్రాస్‌ను పుట్టించిన హెన్రీ డ్యూనాంట్‌కు ఎందుకిచ్చారు? గాయాలకు కట్లు కట్టించడం శాంతి ఎలా అవుతుంది?

ఈ అభ్యంతరం 1901లోనే వచ్చింది, అదీ శాంతి ఉద్యమంలోని వాళ్ళ నుంచే. యుద్ధమే వద్దని మేం మొత్తుకుంటుంటే, యుద్ధంలో బాధ తగ్గించే పనికి ఈ బహుమతేమిటని వాళ్ళ గోల. ఈ బహుమతికి నోబెల్ వీలునామాలో చెప్పిన పనులు మూడు: సైన్యాల తగ్గింపు, శాంతి మహాసభలు, దేశాల మధ్య సోదరభావం. శాంతి మహాసభల లెక్కన ఫ్రాన్సుకు చెందిన ఫ్రెడెరిక్ పాసీకి తిరుగే లేదు. డ్యూనాంట్ ఇమిడేది సోదరభావంలోనే. అందుకే చెరి సగం ఇచ్చారు.

మా హైస్కూల్లో జూనియర్ రెడ్‌క్రాస్ చాలా ఏళ్ళుగా నేనే చూసుకుంటున్నాను కాబట్టి డ్యూనాంట్ కథ ఏటా చెప్పాల్సిందే. ఓసారి పదో తరగతి కుర్రాడొకడు లేచి, "సార్, కట్టు కట్టి నయం చేస్తే వాడు మళ్ళీ పోయి యుద్ధమే చేస్తాడు కదా?" అన్నాడు. మీ ప్రశ్నా దాదాపు అదే. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

డ్యూనాంట్ సేవ చేద్దామని బయల్దేరినవాడు కాదు. అల్జీరియాలో తన మిల్లుకు నీటి హక్కుల కోసం ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్‌ను కలుసుకుందామని ఇటలీ వెళ్ళాడు. 1859 జూన్ 24న సోల్ఫెరినోలో యుద్ధం జరిగింది. చచ్చినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ కలిపి సుమారు 40,000 మంది. పక్కనున్న కాస్టిగ్లియోనే ఊళ్ళో చర్చీల నిండా క్షతగాత్రులే. ఫ్రెంచివాడా, ఆస్ట్రియావాడా అని చూడకుండా "అందరూ అన్నదమ్ములే" అంటూ ఆ ఊరి ఆడవాళ్ళు నీళ్ళు పట్టారు, గాయాలు కడిగారు. ఫ్రెంచి సైన్యం బందీలుగా పట్టుకున్న ఆస్ట్రియా డాక్టర్లను డ్యూనాంట్ అడిగి విడిపించి, వైద్యానికి పెట్టించాడు. కథ మొత్తంలో నాకు ముఖ్యం ఈ ముక్కే. శత్రువుల డాక్టరు శత్రువు కాడని ఒక సైన్యం చేత ఒప్పించాడు. 1864లో జెనీవాలో 12 దేశాలు సంతకం పెట్టిన ఒప్పందం సారం కూడా అదే: గాయపడ్డవాడు ఏ పక్షం వాడైనా వైద్యం అందాలి, వైద్యం చేసేవాళ్ళను ముట్టుకోకూడదు.

ఇది నోటితో చెబితే పిల్లలకు ఎక్కదు. ప్రథమ చికిత్స క్లాసులో రెండు బైకులు గుద్దుకున్నట్టు నటింపజేస్తాను. ప్రతిసారీ పిల్లలు ముందు అడిగేది, "రాంగ్ రూట్‌లో వచ్చిందెవరు సార్?" అనే. నేను కావాలనే రాంగ్ రూట్‌వాడికి పెద్ద గాయం పెడతాను. ముందు వాడి రక్తం ఆపమంటే కొందరికి మొహం మాడిపోతుంది! తప్పెవరిదో పోలీసులు తేలుస్తారు, మీరు గుడ్డ అదిమిపట్టండి అంటాను. ఈ అలవాటు పడ్డ పిల్లల్ని ఒక గుంపు మీదికి ఉసిగొల్పడం అంత తేలిక కాదని నా నమ్మకం. కాబట్టి బహుమతిలో సగం డ్యూనాంట్‌కు ఇవ్వడం న్యాయమే అంటాను.

బహుమతి వచ్చేనాటికి డ్యూనాంట్ స్విట్జర్లాండ్‌లోని హైడెన్ ఊళ్ళో ఆసుపత్రి గదిలో ఉంటున్నాడు. 1867లోనే దివాలా తీశాడు, తను పుట్టించిన రెడ్‌క్రాస్ కమిటీ నుంచే బయటికి పోవాల్సి వచ్చింది. అప్పులవాళ్ళ చేతిలో పడకుండా బహుమతి డబ్బును మిత్రుడొకరు నార్వేలోనే ఉంచారు. ఆయన దాన్ని వాడుకోలేదు. హైడెన్ ఆసుపత్రిలో ఊరి పేదల కోసం ఒక ఉచిత మంచం ఉండేలా వీలునామాలో రాశాడు.

పాసీని మాత్రం పాఠాల్లో అందరం వదిలేస్తాం, అది అన్యాయం. ఆయన 1867లో పెట్టిన శాంతి సంఘం 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య వచ్చిన యుద్ధంతో చెల్లాచెదురైంది. అయినా వదలకుండా 1889లో ఇంగ్లండుకు చెందిన విలియం రాండల్ క్రీమర్‌తో కలిసి వివిధ దేశాల పార్లమెంటు సభ్యులను ఒకచోట కూర్చోబెట్టాడు. ఆ అంతర పార్లమెంటరీ సమాఖ్య ఇప్పటికీ జెనీవా నుంచి పనిచేస్తోంది, మన పార్లమెంటూ అందులో ఉంది. క్రీమర్‌కు 1903లో నోబెల్ వచ్చింది.