మీ బండి – మా జవాబు: ఏ సిలిండరో తేలకుండా ఏదీ మార్చొద్దు

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు. నెల నుంచి బండి ఆగున్నప్పుడు స్టీరింగ్ దాకా వణుకొస్తా ఉంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఒంగోలు పోతా లారీని దాటదామంటే పికప్ లేదు, పసుపు ఇంజిన్ లైటు అప్పుడప్పుడు కొట్టుకుంటా ఉంది. మెకానిక్ ఏమో ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంపు అన్నీ మార్చాలంటున్నాడు. మార్పించేదా?

జవాబు: ఇప్పుడే వద్దు తమ్ముడూ. నువ్వు చెప్పేదాన్ని బట్టి ఒక సిలిండర్ మిస్ కొడతా ఉన్నట్టుంది, అంటే దాంట్లో పెట్రోలు సరిగ్గా మండట్లేదు, ఏసీ లోడ్ పడేసరికి మిగతా మూడూ లాగలేక వణుకు ఎక్కువవుతుంది. ముందు ఆ లైటు సంగతి. కదలకుండా వెలిగుంటే, ఎర్ర లైట్లేవీ లేకపోతే, నిదానంగా ఇంటికి తెచ్చుకోవచ్చు. కానీ కొట్టుకుంటా ఉంటే మండని పెట్రోలు సైలెన్సర్ లైన్లోకి పోయి పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ఖర్చు ముందు పెట్రోలుని అంటించే ప్లగ్గులు, వాటికి కరెంటిచ్చే కాయిళ్ళ ఖర్చు ఏపాటిది, అందుకని యాక్సిలరేటర్ వదిలేసి పక్కన ఆపెయ్.

ఆన్‌లైన్‌లో దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్ చదివేది) ఒకటి తెప్పించుకుని స్టీరింగ్ కిందుండే సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో కోడ్ చూడు. పీ0301 నుంచి పీ0304 లోపు వస్తే చివరి అంకే సిలిండర్ నంబరు. పీ0302 వచ్చిందనుకో, ఇంజిన్ ఆపి పూర్తిగా చల్లారాక రెండో సిలిండర్ కాయిల్ మూడో దానికి, మూడో దానిది రెండో దానికి మార్చి, కోడ్ చెరిపేసి కాసేపు నడుపు. ఇప్పుడు పీ0303 వస్తే కాయిలే పోయింది, అదొక్కటి కొంటే చాలు. కోడ్ మారకపోతే ప్లగ్గులు కూడా అట్నే అటూ ఇటూ మార్చి చూడు. అప్పటికీ రెండులోనే ఉంటే అప్పుడు పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్ లోపలి ఒత్తిడి (కంప్రెషన్) చూడమని మెకానిక్‌ని అడుగు, అంతకుముందు పంపు మాటెత్తనివ్వద్దు. ఒక్కో సిలిండర్‌కి విడి కాయిల్ ఉన్న బండికే ఈ పద్ధతి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మాత్రం కాయిల్ పీకొద్దు, వేల వోల్టుల కరెంటు అది.

నీది గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి కాబట్టి ఇంకోటి చెప్పాలి. కాయిల్ తీశాక ప్లగ్గు గుంటలోకి టార్చి కొట్టి చూడు, అంచుల్లో బూడిద రంగు గ్రానైట్ పొడి పేరుకుని ఉంటుంది. దాన్ని గాలి కొట్టించి ఊదెయ్యకుండా ప్లగ్గు విప్పితే ఆ రాతి పొడి నేరుగా సిలిండర్‌లో పడి గోడల్ని గీసేస్తుంది. బయటికొచ్చిన ప్లగ్గు మూతి లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టే, పొడి మసి పట్టుంటే పెట్రోలు సరిగ్గా మండట్లేదు, నూనె తడి ఉంటే ఇంజిన్ ఆయిల్ పైకొస్తా ఉంది. ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూడు, క్వారీ దుమ్ములో తిరిగే బండికి మాన్యువల్‌లో చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగకూడదు.

ప్రశ్న: కావలి నుంచి రాస్తున్నానండీ. పొద్దున స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తుంది. భయపడాలా?

జవాబు: రెండు మూడు నిమిషాల్లో ఆగిపోతే అది లోపలి తేమేనమ్మా, పట్టించుకోవద్దు. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా వస్తా, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) తగ్గిపోతా ఉంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందేమో, బండి నడపకుండా షెడ్డుకి లాగించండి. కూలెంట్ చూసేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, రిజర్వ్ డబ్బా మీద గీతల మధ్య. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, మరిగే నీళ్ళు మొహం మీదకి కొడతాయి.