ఉద్యోగం చేసుకుంటూ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ ఆడవచ్చా?

ఉద్యోగంలో ఉన్నవారు ఇలాంటి ఆట మొదలుపెట్టవచ్చా, అందులో ఆకట్టుకునేది ఏమిటి, విసిగించేది ఏమిటి అని మీరు అడిగారు. నేను హైదరాబాదులో ఉంటూ, 2019 ఆగస్టులో వచ్చిన, చాలామంది ఇంటర్నెట్‌లో కలిసి ఆడే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌ను యూరప్ సర్వర్‌లో ప్రీస్ట్‌గా, అంటే తోటివారిని బతికించే హీలర్‌గా ఆడాను. 2004లో విడుదలైన ఆటను దాదాపు తొలినాటి నియమాలతో మళ్లీ తెచ్చిన రూపం అది. నా అనుభవంలో దాని బలానికీ, అది పెట్టే చికాకుకీ మూలం ఒక్కటే: అందులో చివరి మెట్టయిన 60వ లెవెల్ చేరాక చెప్పుకోదగ్గ పని దాదాపు ఏదీ ఒంటరిగా పూర్తి కాదు.

మోల్టెన్ కోర్ అనే రెయిడ్‌నే, అంటే పెద్ద గుంపుగా వెళ్లి చేసే దాడినే తీసుకుందాం. అందులోకి 40 మంది వరకు వెళ్లవచ్చు. ట్యాంకులు దెబ్బలను తమ మీదికి తీసుకుంటే, హీలర్లు వారిని నిలబెడతారు, మిగిలినవారు బాస్‌ను, అంటే అక్కడి పెద్ద శత్రువును, కొడతారు. అక్కడి బారన్ గెడ్డన్ అనే బాస్ మనలో ఒకరిని ఉన్నట్టుండి బాంబుగా మారుస్తాడు. ఆ మనిషి కొన్ని సెకన్లలో గుంపును వదిలి దూరంగా పరుగెత్తకపోతే పక్కనున్నవారందరికీ దెబ్బ తగులుతుంది. ఒక్కరు ఫోన్ చూసుకుంటూ ఉంటే నలభై మంది శ్రమ వృథా కావచ్చు. అయితే ఎన్నడూ ముఖం చూడని నలభై మంది, తలా ఒక దేశం యాసతో ఇంగ్లీషు మాట్లాడుతూ, ఆ పని తడబడకుండా పూర్తి చేసినప్పుడు కలిగే తృప్తి నాకు మరే ఆటలోనూ దొరకలేదు.

హీలర్ పనిలో బయటికి కనిపించని లెక్క ఒకటి ఉంది. మంత్రాలకు ఖర్చయ్యే శక్తి మానా. పాత్రకుండే స్పిరిట్ అనే గుణం వల్ల వచ్చే మానా, చివరి మంత్రం వేసి ఐదు సెకన్లు గడిస్తే గాని తిరిగి నిండడం మొదలు కాదు. అందుకని పెద్ద మంత్రం అందుబాటులో ఉన్నా మానా మిగుల్చుకోవడానికి అదే మంత్రంలోని కింది ర్యాంకును వాడడం, ఒక్కోసారి పక్క హీలర్ చూసుకుంటాడన్న నమ్మకంతో ఏమీ చేయకుండా ఊరుకోవడం నేర్చుకోవాలి. ఊరుకోవడమే అన్నిటికంటే కష్టం. ప్రీస్టులకు బెనెడిక్షన్ అనే చేతికర్ర దక్కే క్వెస్ట్ (ఆట అప్పగించే పని) ఈ విద్యకు పరీక్షలాంటిది: 15 మంది రైతులు చనిపోయేలోగా 50 మందిని, ఎవరి సాయమూ లేకుండా, ప్రాణాలతో దాటించాలి. ప్రీస్ట్ ఒక్కడే చేయవలసిన ఆ పని కూడా ఇతరులను కాపాడేదే కావడం, ఆ ఆటను రూపొందించినవారి తెలివికి నిదర్శనమని నేను అనుకుంటాను.

ఇక చికాకుల్లో మొదటిది వేళ. మధ్య యూరప్‌లో రాత్రి ఎనిమిదికి మొదలయ్యే రెయిడ్ మనకు వేసవిలో పదకొండున్నరకు, శీతకాలంలో పన్నెండున్నరకు మొదలవుతుంది. అది మూడు గంటలు సాగితే మరునాడు ఆఫీసులో మన స్థితి వేరే చెప్పనక్కరలేదు. ఒంటరిగా ఆడే ఆటను నిద్ర వస్తే ఆపేయవచ్చు గాని, ఇక్కడ మనం లేచిపోతే మన మీద ఆధారపడిన ట్యాంక్ చనిపోతాడు. కరెంటు పోయినా అంతే. ఆ మొహమాటమే నాచేత ఎన్నో రాత్రులు జాగారం చేయించింది.

రెండోది సన్నాహం. ఒనిక్సియా అనే డ్రాగన్ తలను నగరంలో వేలాడదీసినప్పుడు అక్కడున్నవారందరికీ రెండు గంటలపాటు అదనపు బలం వస్తుంది. ఆట నుంచి బయటికి వస్తే ఆ గడియారం ఆగుతుంది, పాత్ర చనిపోతే ఆ బలం పోతుంది. అందువల్ల పట్టుదల గల గిల్డ్‌లలో (కలిసి ఆడే ఆటగాళ్ల జట్లలో) చాలామంది ఆ బలం అందుకున్న వెంటనే లాగౌట్ చేసి, రెయిడ్ వేళ వరకు ఆ పాత్రను ముట్టుకునేవారు కాదు. నెలకు దాదాపు 13 యూరోల చందా కట్టి, ఆడకుండా కూర్చోవడం ఏ రకం ఆటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

మూడోది లూట్. నలభై మంది కష్టపడి బాస్‌ను పడగొడితే దొరికేవి రెండు మూడు వస్తువులు. కొన్ని గిల్డ్‌లు హాజరుకు పాయింట్లు ఇచ్చి, వాటితో వస్తువులు కొనుక్కోనిస్తాయి; కొన్నిటిలో పెద్దలు నలుగురు కూర్చొని ఎవరికివ్వాలో నిర్ణయిస్తారు. నేను చేరిన మొదటి గిల్డ్ రెండో రకానిది. అక్కడ మంచి వస్తువులు ఆ పెద్దలకూ వారి స్నేహితులకే వరుసగా వెళుతుంటే, కాలం గడిచేకొద్దీ హీలర్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు, వారితోపాటు నేనూ వెళ్లిపోయాను. పాయింట్ల పద్ధతిలోనూ పేచీలు వస్తాయి గాని, అక్కడ కనీసం లెక్క అందరికీ కనిపిస్తుంది.

పింగ్ గురించి, అంటే మన కంప్యూటర్ నుంచి సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం గురించి, అంతగా భయపడనక్కరలేదు. హైదరాబాదు నుంచి యూరప్‌కు నూట యాభై మిల్లీసెకన్లు దాటినా, చాలా మంత్రాల మధ్య ఎలాగూ ఒకటిన్నర సెకన్ల విరామం ఉంటుంది కాబట్టి హీలింగ్‌కు పెద్ద ఇబ్బంది రాదు. ఇతర ఆటగాళ్లతో నేరుగా తలపడే పోరులో మాత్రం తేడా తెలుస్తుంది.

మీరు మొదలుపెట్టదలిస్తే, ముందు మీకు వీలయ్యే గంటలేవో చూసుకుని, తర్వాతే సర్వర్‌ను ఎంచుకోండి. సిడ్నీలో రాత్రి ఎనిమిది గంటలంటే మనకు మధ్యాహ్నం రెండున్నర లేదా మూడున్నర, కాబట్టి వారాంతాల్లో మాత్రమే ఆడేవారికి ఆస్ట్రేలియా సర్వర్లు నప్పుతాయి. తెల్లవారుజామున లేచే అలవాటుంటే అమెరికా తూర్పుతీరపు రాత్రి రెయిడ్లు మనకు ఉదయం అయిదున్నర, ఆరున్నర ప్రాంతంలో పడతాయి. గిల్డ్‌లో చేరేముందు రెయిడ్ ఏయే రోజుల్లో, ఎన్ని గంటలు, లూట్ పంపకం ఎలా అని అడిగి స్పష్టంగా చెప్పించుకోండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా రెయిడ్ల జోలికి పోకుండా 60వ లెవెల్ వరకు తీరిక దొరికినప్పుడల్లా ఆడుకోండి. ఆ ప్రయాణమే వంద గంటలు దాటుతుంది, దానికి ఎవరి వేళతోనూ పని లేదు.