యూజ్ అండ్ త్రో కెమెరాతో తీస్తే ఫొటోగ్రఫీ కాదా?

ప్రశ్న: ఈ ఏడాదితో స్కూల్ చదువు అయిపోతుంది. రెండేళ్లుగా డిస్పోజబుల్ కెమెరాలతో ఫొటోలు తీస్తున్నాను. ఫ్రెండ్స్‌ని, ఇంట్లోవాళ్లని, వీధిలో కంటపడినవన్నీ తీస్తాను. చూసినవాళ్లంతా బాగున్నాయంటున్నారు. ఇదే కెరీర్‌గా తీసుకోవాలని ఉంది. పెద్ద కెమెరా ఉన్న మా అన్నయ్య మాత్రం ‘అది ఫొటోగ్రఫీ కాదు, టైంపాస్’ అంటాడు. నాన్నకేమో నా భవిష్యత్తు గురించి టెన్షన్. నేనిప్పుడు మంచి కెమెరా కొనాలా, కోర్సులో చేరాలా?

జవాబు: రెండూ ఇప్పుడే వద్దు. ముందు ల్యాబ్‌కి వెళ్లి మీ నెగెటివ్‌లు (కడిగిన అసలు రీల్ ముక్కలు) అడిగి తెచ్చుకోండి.

రీల్ కడిగించి, స్కాన్‌లు మాత్రం ఫోన్‌కి పంపించుకుని ఊరుకునేవాళ్లే ఈ మధ్య ఎక్కువ. మీరూ అదే చేస్తుంటే, ఆ ఫొటోలో మీ పనితనం ఎంతో, ల్యాబ్ పనితనం ఎంతో మీకు తెలిసే దారి లేదు. డిస్పోజబుల్ కెమెరాల్లో ఫ్యూజీ క్విక్‌స్నాప్‌నే తీసుకోండి. ప్లాస్టిక్ లెన్స్, ఎఫ్/10 అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం కొలత), సెకనులో 140వ వంతు షట్టర్ స్పీడ్ (రీల్ మీద వెలుగు పడే సమయం), 400 ఐఎస్ఓ రీల్ (వెలుగుకి రీల్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె), 27 ఫొటోలు. ఎండ మండిపోతున్నా, మబ్బు పట్టినా అవే అంకెలు, మార్చడానికి అందులో ఏమీ లేదు. లెక్కేసి చూస్తే నడిమధ్యాహ్నపు ఎండలో ఆ రీల్ మీద పడే వెలుగు కావలసినదానికి ఏడెనిమిది రెట్లు ఉంటుంది. అయినా ఫొటో ఎందుకు పాడవదంటే, కలర్ నెగెటివ్ రీల్ ఎక్కువ వెలుగును బాగానే తట్టుకుంటుంది, మిగతాది స్కాన్ చేసేటప్పుడు సరిచేసేస్తారు. ఆ సవరణ లేని మీ అసలు ఫొటో నెగెటివ్‌లోనే ఉంటుంది. గదిలోకి వచ్చేసరికి వ్యవహారం తిరగబడుతుంది. ఫ్లాష్ వెయ్యకపోతే అంతా మసక. వేసినా అది సుమారు మూడు మీటర్ల దాకానే అందుతుంది.

మీ అన్నయ్య మాటలో నిజం ఇంతవరకే ఉంది: వెలుగును లెక్కకట్టడం, కదిలేదాన్ని ఆపడమో సాగనివ్వడమో నిర్ణయించుకోవడం, దేన్ని స్పష్టంగా ఉంచి దేన్ని మసకబార్చాలో ఎంచుకోవడం, వీటిలో ఒక్కటీ ఆ కెమెరా మీ చేత చేయించలేదు. డబ్బు పుచ్చుకుని ఫొటో తీసేవాళ్లకు ఇవి తప్పవు.

అయితే ఆయనకు కనిపించనిది ఒకటుంది. 27 ఫొటోలే ఉన్నప్పుడు బటన్ మీద వేలు ఊరికే పడదు. జూమ్ లేదు కాబట్టి మీ కాళ్లే నడవాలి. మీటరు కంటే దగ్గరికెళితే మసకబారుతుందని, వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే చిన్న కిటికీలో) కనిపించేదీ లెన్స్ చూసేదీ దగ్గర్లో ఒకటి కావని తలలు తెగిన ఫొటోలు చూసుకునే నేర్చుకుని ఉంటారు. వెంటనే తెర మీద చూసుకునే వీల్లేదు కాబట్టి కళ్లు ఎదుటి మనిషి మీదే ఉంటాయి. పెద్ద కెమెరాతో మొదలుపెట్టినవాళ్లు చాలామందికి ఈ అలవాటు ఆలస్యంగా వస్తుంది, కొందరికి అసలు రాదు.

స్నాప్‌షాట్ అన్నది అసలు వేటగాళ్ల మాట. సరిగ్గా గురిపెట్టకుండా చటుక్కున పేల్చే తూటాని అలా అనేవారు. 1888లో మొదటి కొడాక్ కెమెరా 100 ఫొటోల రీల్‌తో వచ్చింది. అన్నీ తీశాక కెమెరాతో సహా కంపెనీకి పంపిస్తే కడిగి, ప్రింట్లు వేసి, కొత్త రీల్ ఎక్కించి ఇచ్చేవారు. చటుక్కున తీసే ఫొటోకి అప్పటినుంచీ చిన్నచూపు తప్పలేదు. మీరు తగిలించుకోవాల్సిన దిగులు కాదది.

మీరు పట్టించుకోవాల్సింది తీసిన తర్వాత ఏం చేస్తున్నారన్నది. అమెరికా అంతా తిరిగి ఫొటోలు తీసిన రాబర్ట్ ఫ్రాంక్ పాతిక వేలకు పైగా తీసి, తన పుస్తకానికి 83 మాత్రమే ఎంచుకున్నాడు. మీ 27లో ఎన్ని వదిలేస్తున్నారు? ఫొటో బాగుందని ఇంట్లోవాళ్లు అన్నప్పుడు వాళ్లు ఎక్కువగా చూస్తున్నది అందులో ఉన్న తమ మనుషులని. ఆ మనుషులెవరో తెలియని ఒకరికి చూపించి, ఏమీ చెప్పకుండా కూర్చోండి. ఏ ఫొటో దగ్గర వాళ్ల చెయ్యి ఆగుతుందో గమనించండి. మొదటిసారి కాస్త చేదుగానే ఉంటుంది.

ఇక కెరీర్ మాట. మీరిప్పటిదాకా తీయాలనిపించినప్పుడు, తీయాలనిపించినవే తీశారు. ఉద్యోగంలో ఇంకొకరికి కావలసినది, వాళ్లు చెప్పిన రోజున, వెలుతురు ఎలా ఉన్నా తీసి ఇవ్వాలి. పెళ్లి అయినా, వార్త అయినా, వస్తువుల క్యాటలాగ్ అయినా, ఆస్పత్రి రికార్డు అయినా అంతే. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఫొటోగ్రఫీ వదిలేసినవాళ్లు ఎక్కువగా ఇక్కడే వదిలేశారు. వాళ్లకు ప్రతిభ లేక కాదు, ఒకరి కోసం తీయడం నచ్చక. అది ముందే తెలుసుకోవడం ఓటమి కాదు, సరదాగా తీసుకుంటూ వేరే పని చేసుకోవచ్చు.

కాబట్టి ఆరు నెలలు ఇలా చేసి చూడండి. అపర్చర్, షట్టర్ చేత్తో మార్చుకునే వీలున్న పాత డిజిటల్ కెమెరా, జూమ్ లేని ఒక లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో కొనండి, లేదా మీ అన్నయ్యనే అడగండి (బతిమాలాల్సి వస్తే బతిమాలండి). ఎంచుకునే అలవాటు పోకుండా రోజుకు 27 దాటనివ్వకండి. ఈలోగా తెలిసినవాళ్ల కార్యక్రమాలు మూడు ఒప్పుకోండి. ఏయే ఫొటోలు కావాలో ముందే రాయించుకుని, చెప్పిన తేదీకి ఇవ్వండి. ఇంకో మాట: వాడేసిన డిస్పోజబుల్‌ని విప్పి చూడకండి. ఫ్లాష్ కోసం కరెంటు నిల్వ చేసుకునే కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా మిగిలి ఉండొచ్చు, గట్టి షాక్ కొడుతుంది.

మీ నాన్నగారికి ఒక సంగతి దాచకుండా చెప్పాలి. చిన్నప్పటినుంచీ ఇంట్లోవాళ్ల పరుగులు, గెంతులు ఫొటోలు తీసిన జాక్ ఆన్రి లార్టిగ్ అనే ఫ్రెంచ్ ఆయనకు ఫొటోగ్రాఫర్‌గా పేరొచ్చింది 1963లో, న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు. అప్పటికి ఆయనకు 69 ఏళ్లు. కలిగిన కుటుంబం కాబట్టి చెల్లింది. మొదటి కొన్నేళ్లు రాబడి నెలనెలా ఒకేలా ఉండదు, అందుకే పక్కన ఇంకో చదువు ఉండాలని నేను కచ్చితంగా చెబుతాను. ఈ రంగంలో డిగ్రీ కంటే ముందు పోర్ట్‌ఫోలియోనే (మీరు తీసినవాటిలో ఏరి పెట్టుకున్న ఫొటోలనే) అడుగుతారు కాబట్టి, ఆ చదువు ఫొటోగ్రఫీయే కానక్కర్లేదు.

ఆరు నెలలయ్యాక 20 ఫొటోలు ప్రింట్ వేయించి తీసుకురండి. వాటిలో మూడో వంతైనా మీకోసం కాక ఇంకొకరు అడిగితే తీసినవై ఉండాలి. కోర్సు సంగతి వాటిని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం, మీ నాన్నగారినీ వెంట తీసుకురండి.