ఇంటి దగ్గరే సామిల్లు: అప్పు చేసి కొనాలా?

ప్రశ్న: గాలివానకు మా తోటలో పెద్ద చెట్లు పడిపోయాయి. కొమ్మలు కొట్టేస్తే సుమారు 30 దుంగలు తేలాయి. విడిభాగాల కిట్‌గా వచ్చే పోర్టబుల్ బ్యాండ్ రంపం సామిల్లు కొని, ఇంటి వెనక నేనే బిగించుకుని పలకలు కోసుకుందామనుకుంటున్నాను. షాపులో పలకల ధర చూస్తే ఈ 30 దుంగలతోనే యంత్రం డబ్బు వెనక్కి వచ్చేలా ఉంది. సగం పొదుపులోంచి తీసి, సగం పర్సనల్ లోన్ పెట్టి కొనవచ్చా సార్?

జవాబు: మీ లెక్క ఒక్కచోటే తప్పింది, కానీ తప్పింది అసలు చోటే. దుంగ మీది. బయటి మిల్లులో కోయించినా ఆ పలకలు మీవే కదా! అందుకని యంత్రం మీకు మిగిల్చేది షాపులో పలక ధర కాదు, కోత కూలి, దుంగలు తోలించే బండి కిరాయి. అంతే. ఈ మాట చెప్పగానే చాలామంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. మీరూ కాసేపు అలాగే కూర్చోండి, తర్వాత ముందుకు వెళ్దాం.

దీన్ని రూపాయల్లో కాకుండా దుంగల్లో కొలుద్దాం. బయట ఒక దుంగ కోయించి ఇంటికి తెచ్చుకునే ఖర్చును 'ఒక దుంగ' అనుకోండి. కిట్ ధర అలాంటి 120 దుంగలకు సమానమని ఉదాహరణకు పెట్టుకుందాం. బ్లేడ్లు, కింద వేసే పునాది, దుంగలు దొర్లించే సామాను, పైన రేకుల షెడ్డు, చెవులకూ కళ్లకూ రక్షణ, వీటికి మరో 40. మొత్తం 160. కొన్నాళ్లు వాడి సగం ధరకు అమ్మితే 60 తిరిగొస్తుంది, నికరంగా పడేది 100. ఇక సొంతంగా కోసినా పెట్రోలు, పదును, సాయం పట్టే మనిషి కూలి ఉంటాయి. వీటికి దుంగకు మూడో వంతు పోతే మిగిలేది మూడింట రెండు వంతులు. అంటే 150 దుంగలు కోస్తే గానీ పెట్టుబడి తిరిగి రాదు. మీ దగ్గర ఉన్నవి 30. ఇవి నేను అనుకున్న అంకెలే, మీ ఊరి కోత కూలి కనుక్కుని మీ అంకెలు వేసి చూడండి. అంకెలు మారినా లెక్క వేసే తీరు ఇదే.

దుంగలోంచి ఎంత పలక వస్తుందో కూడా ముందే తెలుసుకోవాలి. 16 అంగుళాల వ్యాసం, 8 అడుగుల పొడవు ఉన్న దుంగలో దాదాపు 11 ఘనపుటడుగుల కర్ర ఉంటుంది. బెరడు, అంచులు, పొట్టు పోగా పలకలుగా చేతికొచ్చేది ఆరు దాకా. వంకర దుంగైతే ఇంకా తక్కువ. ఈ విషయంలో మీరు చూసిన బ్యాండ్ రంపం యంత్రం మంచిదే. రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే దాని బ్లేడు సన్నం, ఒక్కో కోతకు రెండు మిల్లీమీటర్ల కర్ర పొట్టుగా పోతుంది. గుండ్రటి రంపమైతే ఐదారు మిల్లీమీటర్లు. పది కోతలకు తేడా మూడు నాలుగు సెంటీమీటర్లు, అంటే అంగుళం మందం పలక ఒకటి నుంచి ఒకటిన్నర. ఈ మిగులును మీ లెక్కలో కలుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఆ సైజు పచ్చి దుంగ బరువు 300 కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు మనుషులు చేతులతో ఎత్తి పెట్టేది కాదు. దొర్లించే గడకొక్కెం, వాలు పట్టీలు, తాడుతో లాగే విన్చీ కావాలి. కిట్ పెట్టెలో ఇవన్నీ ఉంటాయని అనుకోవద్దు.

బిగింపు సంగతి కాస్త విడమరిచి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. మా బావమరిది ఇలాంటిదే కొంటే నేనూ వెళ్లి రెండు రోజులు బోల్టులు బిగించాను. యంత్రం బాగానే కుదిరింది. నేలే మోసం చేసింది. గట్టిపరచని మట్టి మీద రంపం నడిచే పట్టాలు వేశాం. నాలుగు దుంగలు ఎక్కేసరికి ఒక మూల కుంగింది. పలకలన్నీ ఒక చివర మందం, ఇంకో చివర పలచన. రెండు దుంగల కర్ర వంటచెరకైపోయింది. కాబట్టి కంకర వేసి దిమ్మిస చేసిన నేల గానీ కాంక్రీటు దిమ్మలు గానీ పునాదిగా ఉండాలి. పట్టాల ప్రతి అతుకు కిందా ఆధారం పెట్టి, దారం లాగి, లెవెల్ చూసుకోవాలి. మొదటి దుంగలు కోశాక మళ్లీ ఒకసారి చూడాలి. ఇంజిన్లు చాలావరకు ఆయిల్ లేకుండానే వస్తాయి, పోయకుండా స్టార్ట్ చేశారో కొత్త ఇంజిన్ పట్టేస్తుంది. బ్లేడు చక్రాల మీద సరిగ్గా తిరుగుతోందో లేదో ముందు ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, చేత్తో తిప్పి చూడండి. కొత్త బెల్టు సాగుతుంది, కొన్ని గంటల పని తర్వాత మళ్లీ బిగించాలి. బ్లేడు గంటా రెండు గంటల కోతకే మొద్దుబారుతుంది. బెరడులో మట్టి ఉంటే ఇంకా ముందే. పాత మేకు తగిలితే అక్కడితో సరి.

ఇక అప్పు. పచ్చి పలకను వెంటనే తలుపుకో మంచానికో వాడితే వంగుతుంది, పగులుతుంది. బద్దలు అడ్డం పెట్టి గాలికి ఆరబెట్టాలి. అంగుళం మందానికి ఏడాది పడుతుందని పాత లెక్క. ఈఎంఐ మాత్రం వచ్చే నెల నుంచే మొదలవుతుంది. ఏడాది పాటు మీ డబ్బు పలకల దొంతరగా షెడ్డులో నిద్రపోతుంటే వడ్డీ మాత్రం నిద్రపోదు. అందుకే ఈ పనికి పర్సనల్ లోన్ వద్దు. పొదుపులో కూడా ఆరు నెలల ఇంటి ఖర్చు జోలికి పోవద్దు.

పక్క తోటల వాళ్ల దుంగలు కూడా కోసి సంపాదిస్తానంటారా? అప్పుడది వ్యాపారం. చెట్ల కోతకూ మిల్లుకూ ఉండే అనుమతులు, పన్ను, ప్రమాద బీమా అన్నీ వస్తాయి. ఇంటి బీమా వ్యాపార నష్టాన్ని భరించకపోవచ్చు. ఆ ఆలోచన ఉంటే ముగ్గురు నలుగురు కలిసి కొనండి. లేదా, లెక్క ఎలా ఉన్నా మీకు ఈ పని అంటే సరదా అయితే అదీ తప్పు కాదు. అప్పుడు దాన్ని పెట్టుబడి అనకండి, సరదా ఖర్చు కింద రాసుకుని, చేతిలో మిగిలే డబ్బుతోనే కొనండి.

నా సలహా, ఈ 30 దుంగలు ఈసారి బయట కోయించండి. ఆ కూలి ఎంతైందో, ఎన్ని ఘనపుటడుగులు వచ్చాయో కాగితం మీద పెట్టండి. దాన్ని బట్టి వచ్చే ఏడాది కిట్ సంగతి మాట్లాడుకుందాం. ఈలోగా దుంగలను నేలకు తగలకుండా ఎత్తు మీద పేర్చి, రెండు కోసలకూ మందంగా రంగు పూయించండి. అది ఈ వారమే చేయాలి, ఆలస్యమైతే పగుళ్లు పలకల దాకా దిగుతాయి.