టెంప్లేట్లు రాసేది ప్రోగ్రామర్లు కాకపోతే?

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ పంపే ఈమెయిళ్ల పాఠాన్ని ఇకపై కస్టమర్ సర్వీస్ వాళ్లే రాసుకుంటారు. వాళ్లకు కోడింగ్ రాదు. టెంప్లేట్లు, అంటే పేరు, తేదీ లాంటివి నింపుకునే ఖాళీలున్న పాఠాలు, రాయడానికి జింజా భాష వాడాలా, లిక్విడ్ భాష వాడాలా?

జవాబు: లిక్విడ్ తీసుకోండి. ఆన్‌లైన్ దుకాణాల వేదిక షాపిఫై తన దుకాణదారులు సొంతంగా టెంప్లేట్లు మార్చుకోవడానికే దాన్ని తయారుచేసింది. మీరు అందించిన డేటా తప్ప సర్వర్‌లోని మరేదీ టెంప్లేటుకు అందదు. జింజా చాలా శక్తిమంతమైనది, ఇక్కడ చిక్కు కూడా అదే: శాండ్‌బాక్స్ (టెంప్లేటు చేయగలిగేవాటిని కట్టడిచేసే రక్షణ) లేకుండా బయటివాళ్ల టెంప్లేటును నడిపితే, జింజా నడిచే పైథాన్ భాష లోపలి వస్తువులదాకా (ఆబ్జెక్టులదాకా) దారి దొరుకుతుంది. పేరు, తేదీ నింపడమే పనైతే మస్టాష్ అనే మరింత సరళమైన టెంప్లేట్ భాష చాలు.

అసలు ఇబ్బందులు రాసేచోట వస్తాయి. వర్డ్‌లో టైపు చేసి అతికిస్తే నిటారు కోట్ గుర్తులు (" ") వంకర కోట్ గుర్తులుగా (“ ”) మారిపోతాయి. లిక్విడ్ వాటిని గుర్తించదు. సేవ్ చేసేటప్పుడే ట్యాగుల (లిక్విడ్ ఆదేశాలు రాసే బ్రాకెట్ల) లోపలి కోట్ గుర్తులను సరిచేసే చిన్న కోడ్ పెట్టండి. రెండోది, ఖాళీ పేరు. లిక్విడ్‌లో ఖాళీ స్ట్రింగ్ కూడా ‘ఉంది’ కిందే లెక్క, కాబట్టి పేరు ఉందా అని చూసే ఇఫ్ షరతు నెగ్గి "ప్రియమైన ," అని మెయిలు వెళ్లిపోతుంది. విలువ ఖాళీగా ఉంటే బదులు మాట పెట్టే డిఫాల్ట్ ఫిల్టర్ వాడితే ఆ చోట "వినియోగదారు" అని పడుతుంది.

స్ట్రిక్ట్ వేరియబుల్స్ అనే సెట్టింగును ఆన్ చేయండి; లేని వేరియబుల్ (నింపాల్సిన ఖాళీ పేరు) వాడితే అది తప్పు చూపిస్తుంది. లేకపోతే తప్పుగా రాసిన వేరియబుల్ చప్పుడు లేకుండా ఖాళీగా వస్తుంది. ప్రివ్యూను మాత్రం పూర్తి వివరాలున్న ఒక నమూనాతో, సగం ఖాళీగా ఉన్న మరో నమూనాతో తప్పకుండా చూపించండి.