చేతి కెమెరాతో అమ్మ కన్ను ఫోటో తీస్తమంటున్నరు, ఒప్పుకోవాల్నా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. అమ్మకు 58 ఏండ్లు, షుగర్ వచ్చి 12 ఏండ్లయింది. మొన్న క్యాంపుల చేతిల పట్టుకునే కెమెరాతో రెటీనా (కంటి లోపల వెనక పొర) ఫోటో తీస్తం, తర్వాత చుక్కలేసి పెద్ద మిషన్ల గూడ తీసి రెండు పోల్చి చూస్తం, సంతకం పెట్టండి అన్నరు. అమ్మేమో "కంటి వెలుగుల అద్దాలిచ్చిండ్రు, మంచిగనే కనపడ్తుంది, నా మీద ప్రయోగమెందుకు" అని లేచొచ్చింది. ఆ వెలుగుకు కన్ను ఖరాబైతదా? ఫోటో మంచిగొస్తే ఇగ దవాఖానకు పోకున్నా నడుస్తదా?

జవాబు: బాబూ, అమ్మకు నచ్చజెప్పి మళ్ల తీస్కపో. అక్కడ పరీక్ష పెడ్తున్నది అమ్మకు కాదు, ఆ కెమెరాకు. ఫ్లాష్ పడ్డప్పుడు కాసేపు కండ్ల ముందు మచ్చ లెక్క ఉంటది, అదే పోతది, కన్నేం ఖరాబు కాదు.

"మంచిగనే కనపడ్తుంది" అన్న మాట వింటేనే నాకు భయమైతది. షుగర్ తోని రెటీనా దెబ్బతినేటప్పుడు మొదట్ల నొప్పుండదు, చూపు తగ్గదు, తగ్గింది అని తెలిసేసరికి చానా నష్టం అయిపోయి ఉంటది, అందుకే షుగర్ ఉన్నోళ్లు చూపు బాగున్నా సరే ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలె. అద్దాల నంబరు చూసుడు వేరు, ఇది వేరు. ఫోటో తీసినంక స్క్రీన్ మీద అమ్మకు గూడ చూపించమను: నారింజ రంగు గుండ్రం, ఒక పక్క లేత పసుపు బిళ్ల, దాంట్లకెల్లి చెట్టు కొమ్మల్లెక్క రక్తనాళాలు. షుగర్ దెబ్బ ఉంటే మధ్యల ఆవగింజ కన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తయి. ఆ చుక్కలు కండ్లార చూసినంకనే గోలీలు టైముకు ఏసుకునుడు మొదలువెట్టినోళ్లను నేను చూసిన.

పెద్ద మిషన్ తండాకు పోదు, చేతి కెమెరా బ్యాగుల పోతది, అందుకే దాని మీద ఇంత ఆశ. కానీ చెయ్యి వణికినా, కంటిపాప చిన్నగున్నా, మోతిబిందు ఉన్నా ఫోటో మసకొస్తది. అందుకే పోల్చి చూసుడు: పెద్ద పరీక్షల జబ్బు తేలినోళ్లల్ల ఎంతమందిని ఇది పట్టింది, బాగున్నోళ్లను ఎంతమందిని ఉత్తగనే దవాఖానకు తోలింది, ఎన్ని ఫోటోలు చదవరాలేదు అని లెక్క తీస్తరు. నాకైతే మొదటిదే ముఖ్యం, ఎందుకంటే జబ్బుండి గూడ "ఏం లేదు" అనిపించుకున్న మనిషి ధీమాగ ఇంట్ల కూసుంటడు.

ఫోటో మంచిగొచ్చినా దవాఖాన తప్పదు. కంటి ప్రెషర్ ఫోటోల తెల్వదు, రెటీనా నడుమ వాపుంటే ఓసీటీ (రెటీనా పొరలను చూపే స్కాన్) తోని మంచిగ తెలుస్తది. "ఫోటో రాలేదు" అంటే అదేదో బాగున్నట్టు అనుకొని ఇంటికి రావొద్దు, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే.

సంతకానికి ముందు కాగితం తెలుగుల చదివి వినిపించమను. ఫోటో ఎవరు చూస్తరు, రిపోర్టు ఎప్పుడిస్తరు, తేడా ఉంటే ఎక్కడికి పంపుతరు అని అడుగు. నడుమల వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు, దానికి వైద్యం ఆపొద్దు. అమ్మ ససేమిరా అంటే బలవంతం చెయ్యకు, నల్లగొండ పెద్ద దవాఖానల చుక్కలేసి రెటీనా చూడమని అడుగు.

చుక్కలేసినంక నాలుగైదు గంటలు దగ్గరివి మసకగుంటయి, ఎండ తట్టుకోరు, అమ్మను ఒక్కదాన్నే బస్సెక్కియ్యకు. ఆ రాత్రి కన్ను ఎర్రగై బాగా నొప్పి లేసి వాంతులైతే తెల్లారే దాక ఆగకుండ దవాఖానకు తీస్కపో.